ఇంగ్లీషు సాహిత్యమా, ఇంగ్లీషు రచనా? – చివరి సంవత్సరంలో పాఠ్యాంశం ఎంపిక



సీనియర్ సెకండరీ ప్రవేశ దరఖాస్తు నింపేటప్పుడు చాలామంది ఒకచోట ఆగిపోతారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా రాసేంతవరకు చేయి సాఫీగా సాగుతుంది. పాఠ్యాంశాల గడుల దగ్గరకు రాగానే కలం ఆగుతుంది. ముఖ్యంగా ఇంగ్లీషు విషయంలో ఈ తటపటాయింపు ఎక్కువ. ఇంగ్లీషు తీసుకోవాలా? తీసుకుంటే కథలు, కవితలు చదవాలా, ఉత్తరాలు, నివేదికలు రాయడం నేర్చుకోవాలా? తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివినవారు ఈ బరువు మోయగలరా? ఈ పాఠంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

షాదీపూర్‌లో ఒక అభ్యాసకురాలు

విషయం సులభంగా అర్థం కావడానికి ఒక అభ్యాసకురాలిని ఊహించుకుందాం. ఆమెకు 22 ఏళ్లు. అండమాన్ దీవుల ముఖ్యపట్టణంలోని షాదీపూర్‌లో ఉంటుంది. ఆ పట్టణాన్ని మనం చాలాకాలం పోర్ట్ బ్లెయిర్ అన్నాం. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఇక షాదీపూర్ పేరులోనే పెళ్లి ఉంది. ఖైదీల కాలంలో వివాహానికి అనుమతి పొందినవారు కాపురాలు పెట్టుకున్న చోటు కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు.

ఆమె తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి, విశాఖపట్నంలో ఓడ ఎక్కి ఈ దీవులకు చేరారు. ఇటువంటి కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతానికి పైగా ఉన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాతి స్థానం తెలుగుదే. ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. వీధిలో హిందీ. పొరుగింటివారితో కొంత తమిళం. ఆఫీసుల్లో మాత్రం కాగితాలన్నీ ఇంగ్లీషులో నడుస్తాయి.

పదో తరగతి అయ్యాక ఇంటి పరిస్థితుల వల్ల చదువు ఆగింది. ఇప్పుడు ఒక జిరాక్సు షాపులో పనిచేస్తోంది. అక్కడికి వచ్చేవారు దరఖాస్తులు నింపించుకుంటారు, అర్జీలు రాయించుకుంటారు. ఒకనాడు ఎవరో పాత పుస్తకం ఒకటి మరిచిపోయి వెళ్లారు. అది పన్నెండో తరగతి ఇంగ్లీషు వాచకం. తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో పేజీ చదవడం మొదలుపెట్టింది. ఈసారి చదువు మళ్లీ మొదలుపెట్టి ఇంగ్లీషు సాహిత్యం చదవాలని ఆమె కోరిక. వాళ్ల అమ్మ ఆలోచన వేరు.

"ఆ కతలు సదివితే ఏటొస్తాదమ్మా? ఆపీసులో అర్జీ రాయడం వొస్తే సాలు" అంటుంది అమ్మ.

అమ్మ మాటను తీసిపారేయకూడదు. రోజూ పని మానుకుని చదువుకు కూర్చునే గంటకు ఖరీదు ఉంటుంది. ఆ ఖరీదు తెలిసిన మనిషి ఆ మాట అంటోంది. కూతురి కోరిక కూడా తప్పు కాదు. అయితే ఇద్దరూ "ఇంగ్లీషు" అనే ఒకే మాటతో రెండు వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు.

ఒక పేరు, మూడు పనులు

ఇంగ్లీషు చదవడం అన్నప్పుడు అందులో మూడు పనులు కలిసి ఉంటాయి. చదివినది గ్రహించి సరైన వాక్యం రాయగలగడం మొదటిది. ఇది భాష. ఇతరుల కోసం ఒక ప్రయోజనంతో రాయగలగడం రెండవది. ఉద్యోగ దరఖాస్తు, పత్రికా సంపాదకునికి లేఖ, నివేదిక, వ్యాసం, చివరకు కథ కూడా ఇందులోకి వస్తాయి. ఇది రచన. ఇతరులు రాసిన కథ, కవిత, నాటకం ఎలా నిర్మించబడ్డాయో, ఎందుకు మనల్ని కదిలిస్తాయో పరిశీలించడం మూడవది. అది సాహిత్యం.

నాలుగో పని ఒకటి ఉందని చాలామంది అనుకుంటారు. అది గడగడా మాట్లాడటం. సాహిత్యం తీసుకుంటే మాట్లాడటం వచ్చేస్తుందని నమ్మి చేరేవారిని చాలామందిని చూస్తాం. ఈ నమ్మకం సరికాదు. పద్యాన్ని విశ్లేషించగలిగినవారు టికెట్ కౌంటరు దగ్గర తడబడవచ్చు. ఓడరేవులో విదేశీయులతో చకచకా మాట్లాడే ఆటో డ్రైవరు ఒక్క పేరా రాయలేకపోవచ్చు. మీకు కావలసింది మాట్లాడటమే అయితే దానికి దారి వేరు. దాని కోసం సాహిత్యాన్ని ఎంచుకోవద్దు.

పాఠశాలలో ఈ ఎంపిక ఎలా ఉంటుంది?

దీవులలోని ప్రభుత్వ పాఠశాలలు సి.బి.ఎస్.ఇ. పాఠ్యప్రణాళికను అనుసరిస్తాయి. అక్కడ 11, 12 తరగతుల విద్యార్థికి ఇంగ్లీషు రెండు రూపాలలో కనిపిస్తుంది. ఒకటి ఇంగ్లీషు కోర్, రెండోది ఇంగ్లీషు ఎలెక్టివ్. ఒకే విద్యార్థి రెండూ తీసుకోవడానికి వీలులేదు.

కోర్‌లో 12వ తరగతి వాచకాలు ఫ్లెమింగో, విస్టాస్. ఇందులో గద్యం, కవితలతోపాటు నోటీసు, ఆహ్వానం, ఉద్యోగ దరఖాస్తు, నివేదిక రాయడం వంటి పనులు ఉంటాయి. ఎలెక్టివ్ వాచకం పేరు కెలైడోస్కోప్. దీనిలో సాహిత్యం పాలు బాగా ఎక్కువ. జాన్ డన్, మిల్టన్, బ్లేక్, కోల్‌రిడ్జ్, యేట్స్ మొదలుకొని మన ఎ.కె. రామానుజన్, కమలా దాస్ వరకు కవులు ఉన్నారు.

ఈ రెండింటి తేడా చూడటానికి ఒక పాఠం తీసుకుందాం. ఫ్లెమింగోలో మొదటి పాఠం ఫ్రెంచి రచయిత ఆల్ఫాన్స్ డోడే రాసిన 'ది లాస్ట్ లెసన్'. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయింది. ఆల్సేస్ ప్రాంతం జర్మనీ చేతికి పోయింది. ఇకపై బడులలో జర్మన్ మాత్రమే నేర్పాలని ఉత్తరువు వస్తుంది. ఫ్రెంచి ఉపాధ్యాయుడు తన చివరి పాఠం చెబుతాడు. ఊరి పెద్దలు కూడా వచ్చి వెనుక బెంచీలలో కూర్చుంటారు. పాఠాలు ఎగ్గొట్టి తిరిగిన కుర్రవాడికి ఆ రోజు తన భాష రాదన్న బాధ కలుగుతుంది.

ఊరి పెద్దలు ఎందుకు వచ్చారని కోర్ పాఠం అడుగుతుంది. కథ చదివి అర్థం చేసుకున్నవారు జవాబు రాయగలరు. సాహిత్య విద్యార్థి మరొక ప్రశ్న వేసుకోవాలి. ఇంత పెద్ద చారిత్రక సంఘటనను రచయిత ఒక బద్ధకస్తుడైన పిల్లవాడి నోట ఎందుకు చెప్పించాడు? ఉపాధ్యాయుడే చెబితే కథ ఏమయ్యేది? ఇక్కడ ఒకే ఒక సరైన జవాబు లేదు. కానీ కథలోని మాటలను ఆధారంగా చూపకుండా ఏ జవాబూ నిలవదు. ఇంట్లో తెలుగు, బయట హిందీ, కాగితం మీద ఇంగ్లీషుగా బతికే షాదీపూర్ అమ్మాయికి ఈ కథ ఎందుకు నచ్చిందో మీరు ఊహించగలరు.

అదే పుస్తకంలో అశోకమిత్రన్ రాసిన వ్యాసం ఒకటి ఉంది. మద్రాసులోని జెమిని స్టూడియోలో పనిచేసిన రోజుల ముచ్చట్లు అవి. ఆయన పుట్టింది 1931లో సికింద్రాబాదులో. రాసింది ముఖ్యంగా తమిళంలో. అయినా ఆయన వ్యాసం దేశమంతటా ఇంగ్లీషు పాఠంగా నడుస్తోంది.

ఇక కెలైడోస్కోప్‌లోని రెండు రచనల గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒకటి జేమ్స్ జాయిస్ కథ 'ఎవలిన్'. డబ్లిన్ నగరంలో ఒక యువతి ఉంటుంది. ఇంటి చాకిరీ, తండ్రి కోపం, దుకాణంలో ఉద్యోగం, ఇంతే ఆమె జీవితం. ఒక నావికుడు ఆమెను పెళ్లి చేసుకుని బ్యూనస్ ఎయిర్స్ తీసుకుపోతానంటాడు. ఇద్దరూ రేవుకు వస్తారు. ఓడ కదలబోతోంది. అతను పిలుస్తున్నాడు. ఆమె కటకటాలు పట్టుకుని అక్కడే నిలిచిపోతుంది. ఎందుకు వెళ్లలేదో కథకుడు విప్పి చెప్పడు. తల్లికి ఇచ్చిన మాట వల్లనా? భయమా? అలవాటా? హడ్డో రేవులో ఓడ విడిచిపోవడం చూసిన పాఠకులకు ఈ దృశ్యం కొత్తది కాదు. రచయిత చెప్పకుండా వదిలిన చోట తొందరపడి తీర్పు చెప్పకుండా నిలబడి ఆలోచించడమే సాహిత్య పఠనంలో కష్టమైన భాగం. అది నచ్చేవారు సాహిత్యం తీసుకోవాలి. జవాబు ఎక్కడ రాసి ఉందో చూపించండని విసుక్కునేవారు తీసుకోకపోవడమే మంచిది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

రెండవది గిరీష్ కర్నాడ్ నాటకం 'బ్రోకెన్ ఇమేజెస్'. కన్నడంలో కథలు రాసే ఒక అధ్యాపకురాలు ఇంగ్లీషు నవలతో హఠాత్తుగా ప్రసిద్ధి పొందుతుంది. టెలివిజన్ స్టూడియోలో ఆమె ప్రతిబింబమే తెర మీద నిలిచి ఆమెను ప్రశ్నించడం మొదలుపెడుతుంది. మాతృభాషలో రాసేవారు ఇంగ్లీషులో రాస్తే లోకం ఎందుకు అంత గొప్పగా చూస్తుంది, ఆ నవల నిజంగా ఎవరిది అన్న ప్రశ్నలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఇంగ్లీషులో రచయిత కావాలని కలగనేవారు ముందుగా చదవవలసిన నాటకం ఇది.

సి.బి.ఎస్.ఇ.లో సృజనాత్మక రచన, అనువాద అధ్యయనం అనే ఐచ్ఛిక పాఠ్యాంశం కొంతకాలం ఉండి తరువాత తొలగిపోయింది. కాబట్టి పాత పుస్తకాలు, పాత సలహాలు చూసి దాని కోసం వెతకవద్దు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలకూ ఇదే చిక్కు వస్తుంది. అక్కడ ఉన్నత పాఠశాలలో 'ఏ.పి.' కోర్సులు ఉంటాయి. ఏ.పి. అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్! అందులో ఇంగ్లీషు కోర్సులు రెండు. ఒకటి భాష, రచనలకు సంబంధించినది. ఇందులో వ్యాసాలు, ఉపన్యాసాలు చదివి వాదన ఎలా నిర్మించాలో నేర్చుకుంటారు. రెండవది సాహిత్యానికి సంబంధించినది. ఇందులో కవిత, కథ, నాటకం ఉంటాయి. చాలామంది మొదటిది పదకొండో తరగతిలో, రెండవది పన్నెండులో చదువుతారు. రచన ముందు, సాహిత్యం తరువాత అనే ఈ వరుస మనవారికి కూడా పనికివస్తుందని నా అభిప్రాయం.

సార్వత్రిక విద్యలో మీకు ఉన్న వీలు

జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1979లో సి.బి.ఎస్.ఇ. చేపట్టిన ఒక చిన్న ప్రయోగంగా మొదలై, 1989లో స్వతంత్ర సంస్థ అయింది. 2002లో ఇప్పటి పేరు వచ్చింది. దీని సీనియర్ సెకండరీలో కోర్, ఎలెక్టివ్ అనే విభజన లేదు. ఇంగ్లీషు అనేది ఒకే పాఠ్యాంశం. కథలు, కవితలు, వ్యాకరణం, రచన అన్నీ అందులోనే ఉంటాయి. మొత్తం అయిదు పాఠ్యాంశాలు పూర్తిచేయాలి. అందులో కనీసం ఒక భాష ఉండాలి. రెండింటికి మించి భాషలు లెక్కకు రావు.

ఈ చివరి నియమాన్ని జాగ్రత్తగా గమనించండి. తెలుగు ఒక భాషగా తీసుకున్నవారికి ఇంకొక్క భాషకే చోటు ఉంది. ఇంగ్లీషు తీసుకుంటే హిందీకి చోటు లేదు. హిందీ మార్కులు తేలికగా వస్తాయని కొందరు, ముఖ్యంగా దీవులలో పెరిగినవారు, దాని వైపు మొగ్గుతారు. మార్కుల వరకు ఆ లెక్క సరైనదే కావచ్చు. కానీ ఇంగ్లీషు బి.ఎ. చదవాలన్న ఆశ ఏమాత్రం ఉన్నా ఇంగ్లీషును వదులుకోవద్దు.

రచన వైపు ఆసక్తి ఉన్నవారు మిగిలిన గడులలో మాస్ కమ్యూనికేషన్ పాఠ్యాంశాన్ని పరిశీలించవచ్చు. పత్రికలు, రేడియో, టెలివిజన్, ప్రకటనలు ఎలా పనిచేస్తాయో అందులో ఉంటుంది. అయితే ఆ పుస్తకాలు ఏ మాధ్యమంలో దొరుకుతాయో అధ్యయన కేంద్రంలో అడిగి తెలుసుకున్న తరువాతే దరఖాస్తులో రాయండి.

ఇక్కడ ఉన్న పెద్ద సౌకర్యం కాలం. ప్రవేశం అయిదేళ్లు చెల్లుతుంది. ఆ లోపల తొమ్మిది అవకాశాలలో ఒక్కో పాఠ్యాంశం చొప్పున కూడా పూర్తిచేయవచ్చు. మన అభ్యాసకురాలు మొదటిసారి తెలుగు, మరొక పాఠ్యాంశం రాసి, ఇంగ్లీషును ఏడాది తరువాతకు ఉంచుకోవచ్చు. అన్నీ ఒకేసారి రాయాలన్న పంతం అవసరం లేదు. ఆ పంతంతోనే చాలామంది మధ్యలో మానేస్తారు.

తెలుగు మాధ్యమం వారి భయం

"నాది తెలుగు మీడియం. నావల్ల అవుతుందా?" ఈ ప్రశ్నకు భయం పోగొట్టే తీపి మాటలు చెప్పడం తేలిక. దానికంటే తప్పులు ఎక్కడ వస్తాయో తెలుసుకోవడం మేలు.

తెలుగులో 'ఏ', 'ది' అనే ఆర్టికల్స్ లేవు. అందుకే మనం వాటిని వదిలేస్తాం, లేదా అక్కరలేని చోట పెడతాం. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. "నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు" అన్న వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" అని రాస్తాం. "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" అనాలి. ఇటువంటి తప్పులు పది, పన్నెండు రకాలకు మించవు. మీరు రాసిన కాగితాలలో ఎర్ర సిరాతో దిద్దిన చోట్లను ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించండి. రెండు నెలల్లో మీ తప్పులు మీకే ముఖపరిచయం అవుతాయి.

తెలుగు చదువుకున్నవారికి ఒక బలం కూడా ఉంది. కథలో ధ్వని, వ్యంగ్యం, పాత్ర స్వభావం ఇవన్నీ మీరు తెలుగు పాఠాలలో చదివే ఉన్నారు. ఆ చూపు ఇంగ్లీషులోనూ అదే. మారేది మాటలు.

దీనికి గురజాడ అప్పారావు గారి కంటే మంచి ఉదాహరణ దొరకదు. విజయనగరంలో చదువుకున్న గురజాడ 1883లో 'సారంగధర' అనే కావ్యాన్ని ఇంగ్లీషులో రాశారు. దానిని చూసిన కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుంటూనే, మాతృభాషలో రాయమని సలహా ఇచ్చారు. 1892లో కన్యాశుల్కం ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. తెలుగు నాటకానికి ఆయన ముందుమాట రాసింది మాత్రం ఇంగ్లీషులోనే! చదివిన ఇంగ్లీషు సాహిత్యం ఆయనకు తెలుగులో ఉపయోగపడింది. ఆ నాటకంలోనే, వచ్చీరాని చదువుకు ఇంగ్లీషు ముక్కలు అతికించి గొప్పలకు పోయే గిరీశం ఉన్నాడు. ఇంగ్లీషు నేర్వడంలోని రెండు దారులూ ఒకే పుస్తకంలో కనిపిస్తాయి.

తరువాత ఏ దారులు ఉన్నాయి?

దీవులలో 1967లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి సి.యు.ఇ.టి. అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది. ఇంగ్లీషు ఆనర్స్ కోరేవారికి ఆ పరీక్షలో ఇంగ్లీషు భాష కీలకమవుతుంది. చేరదలచిన సంవత్సరపు ప్రకటనను స్వయంగా చదవండి. ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు.

ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దానికి దీవులలో ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. పన్నెండో తరగతి తరువాత ఇంగ్లీషు బి.ఎ. ఆనర్స్ మాత్రమే కాక, ఇంగ్లీషులో సృజనాత్మక రచన డిప్లొమా కూడా అది నడుపుతూ వచ్చింది. పత్రికా వ్యాసం, కథ, కవిత, రేడియో, టెలివిజన్ రచన అందులో పాఠాలు. కాబట్టి చివరి సంవత్సరంలో రచన కోర్సు దొరకలేదని నిరాశ పడనక్కరలేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైన తరువాత ఇంటర్నెట్‌లో పాఠాలు చూడటం కూడా దీవులలో మునుపటికంటే సులువైంది.

అమ్మ అడిగిన అర్జీ సంగతి? అది పన్నెండో తరగతి ఇంగ్లీషులోని రచన భాగమే. బాగా అభ్యాసం చేస్తే ఆరు నెలల్లో వస్తుంది. జిరాక్సు షాపులో రోజూ కనిపించే అర్జీలే ఆమెకు అభ్యాస పుస్తకం. అయితే ఇతరుల అర్జీలలోని పేర్లు, వివరాలు నోటుపుస్తకంలోకి ఎక్కించకూడదు. రాసే పద్ధతిని మాత్రమే గమనించాలి.

చేసి చూడండి

దరఖాస్తు గడువుకు ఒక నెల ముందు ఈ పని చేయండి. దీవులలో ఉన్నవారు ప్రభుత్వ దినపత్రిక డైలీ టెలిగ్రామ్స్ నుంచి, ఇతర చోట్ల ఉన్నవారు ఏదైనా ఇంగ్లీషు దినపత్రిక నుంచి చిన్న వార్త ఒకటి తీసుకోండి. దానిని మూసిపెట్టి, అదే విషయాన్ని మీ మాటలలో పది వాక్యాలలో రాయండి. మరొక రోజు ఒక చిన్న ఇంగ్లీషు కథ తీసుకోండి. మొదటిసారి నిఘంటువు ముట్టకుండా చివరిదాకా చదవండి. రెండవసారి, అర్థం కాక కథ ఆగిపోయిన చోట మాత్రమే శంకరనారాయణ నిఘంటువు వంటిది తెరవండి. ప్రతి మాటకూ నిఘంటువు చూస్తే రెండో పేజీకి చేరేలోపు మొదటి పేజీ మరిచిపోతారు. తరువాత ఆ కథలో మీకు అంతుపట్టని విషయం ఒకటి తెలుగులోనే అయిదు వాక్యాలలో రాయండి.

ఈ రెండు పనులను నాలుగు వారాలు మార్చి మార్చి చేయండి. ఏది చేస్తున్నప్పుడు పొయ్యి మీద అన్నం మాట మరిచిపోయారో గుర్తు పెట్టుకోండి.

పాఠ్యగత ప్రశ్నలు

1. 'ది లాస్ట్ లెసన్' కథను ఉపాధ్యాయుడే చెప్పి ఉంటే ఏమి మారేది? అయిదు వాక్యాలలో రాయండి.

2. మీరు ఇప్పటికే ఒక భాషగా తెలుగు తీసుకున్నారు. రెండవ భాషగా ఏది తీసుకుంటారు? మీ కారణాన్ని ఇంట్లోవారికి వివరిస్తున్నట్లుగా ఒక పేరా రాయండి.

3. పైన చెప్పిన అభ్యాసకురాలి స్థానంలో మీరు ఉంటే ఆమె అమ్మగారికి ఏమని జవాబు చెబుతారు? రాసిన దానిని అధ్యయన కేంద్రంలోని మీ ఉపాధ్యాయులకు చూపండి.